హంతకుడెవరో చెప్పి కూర్చో, దీదీ

ఈ కాలం పిల్లలు పుస్తకం గురించి చెబుతూ చెబుతూ సరిగ్గా అసలు చోట ఆగిపోతారు. "ఇక్కడి నుంచి మీరే చదువుకోండి" అంటారు. ముగింపు చెప్పడం వాళ్ల దృష్టిలో పెద్ద నేరం. నేను కథ చివరికి వస్తున్నానని తెలిస్తే చాలు, మా మనవరాలు రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని "నానమ్మా, చుప్!" అని అరుస్తుంది.

నేను పనిచేసిన లైబ్రరీలో ఇది తలకిందులుగా ఉండేది. అక్కడ ముగింపు చెప్పకుండా కూర్చుంటేనే నేరం.

దానికి కారణం ఉంది. అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో మా లైబ్రరీకి వచ్చేవాళ్లందరూ హిందీలో మాట్లాడుకునేవాళ్లే గాని, అందరూ హిందీలో చదివేవాళ్లు కారు. బెంగాలీ ఆయన బెంగాలీ చదువుకుంటాడు, తమిళాయన తమిళం, మలయాళీ ఆవిడ మలయాళం. ఒకరు చదివిన పుస్తకం పక్కవాళ్ల చేతిలో పెడితే అట్ట మీద బొమ్మ తప్ప వాళ్లకేమీ తెలియదు. అందుకని నెలలో ఆఖరి శనివారం మధ్యాహ్నం పత్రికల గదిలో బల్లలు పక్కకి జరిపి, అందరూ కూర్చుని, ఈ మధ్య చదివింది హిందీలో చెప్పుకునేవారు. చాయ్ ఇచ్చేవాళ్లం కాబట్టి దానికి చాయ్ మీటింగ్ అని పేరు పడింది. అక్కడ విన్నదే విన్నది, ఇంటికి పోయి చదువుకునే వీల్లేదు. కాబట్టి ఎవరైనా సగంలో ఆపితే ఒప్పుకునేవారు కారు. చివర ఏమైందో చెప్పి కూర్చోమని కుర్చీల చేతులు దబదబా బాదేవారు. డిటెక్టివ్ కథ అయితే మరీను. ఒకసారి ఒక తమిళ టైలరు కథ చెబుతూ, ఓడకి టైమైందని మధ్యలో లేచి పోయాడు. ఆయన మళ్లీ మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చేదాకా ఆ హంతకుడి కోసం అందరం ఎదురుచూశాం. ఆయన దిగిన రోజున జెట్టీకే వెళ్లి అడిగినవాళ్లున్నారు.

టీవీలు వచ్చి, సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులవి.

ఆ లైబ్రరీలో నేను అటెండర్ని. ఊడవడం, దులపడం, కిటికీలు తెరవడం, వాన వస్తే మూయడం, జనం చదివి బల్లల మీద వదిలేసిన పుస్తకాలు మళ్లీ అరల్లో పెట్టడం నా పని. మా ఆయన హార్బరులో పనిచేస్తూ పోతే ఆయన పేరు మీద నాకు వచ్చిన ఉద్యోగం. చేరిన రోజున సంతకం పెట్టమంటే వేలు చాపాను. లైబ్రరీలో వేలిముద్ర వేసి చేరింది నువ్వొక్కదానివే అన్నాడు గుమాస్తా. అది మెచ్చుకోలు అనుకుని నవ్వాను.

చదువు రాకుండా పుస్తకాలెలా సర్దేదాన్నంటే, ఒక్కో భాషకు పుస్తకం వీపు మీద ఒక్కో రంగు చీటీ అంటించి ఉండేది. తెలుగుకు పసుపు. పసుపువన్నీ పసుపు దగ్గర పెట్టాలి. అక్కడిదాకా బాగానే ఉంది. అర లోపల మాత్రం నా తెలివి చూపించాను. వంటింట్లో గిన్నెలు సర్దినట్టు పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస పెట్టాను. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉండేదో! అది చూసి ఒక మాస్టారు గుండె పట్టుకున్నారు. ఆయన రిటైరైన తెలుగు టీచరు, ఫెరార్గంజ్ నుంచి బస్సులో వచ్చేవారు.

"ఏమ్మా, ఈ నవల మూడు భాగాలు. ఒకటోది ఇక్కడుంది, రెండోది ఆ మూలుంది. మూడోది ఏదీ?"

"అది కురసగా ఉంది మాస్టారూ, కింద అరలో ఎట్టేను."

"పుస్తకానికి ఎత్తు చూస్తావేమిటమ్మా, అదేమన్నా పెళ్లికొడుకా?"

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. లైబ్రరీలో కాదు, చర్చిలో. మిన్నీ బే వైపున్న మా తెలుగు చర్చిలో పాస్టరు గారి భార్య బుధవారాలు ఆడవాళ్లకు చదువు చెప్పేవారు. ఆవిడని మేం అమ్మగారు అనేవాళ్లం. వాక్యం, అంటే బైబిలు, సొంతంగా చదువుకోవాలన్నది అక్కడ అందరి కోరిక, నాదీ అదే. మేముండే జంగ్లీఘాట్ నుంచి కొందరం కబుర్లు చెప్పుకుంటూ నడిచి వెళ్లేవాళ్లం. అమ్మగారిది ఒకటే నియమం. ఒక పాఠం పూర్తిగా రానిదే తర్వాతి పేజీ తిప్పకూడదు. ఎవరైనా ముందుకు తిప్పి బొమ్మలు చూస్తే పుస్తకం లాక్కుని మళ్లీ మొదటికి తెచ్చేవారు. ఇది మా వాచకానికి మాత్రమే పెట్టిన నియమమని నాకు తెలియలేదు. లోకంలో అచ్చైన పుస్తకాలన్నిటికీ చట్టమనుకున్నాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, నా కొంప ముంచింది ఇదే.

చదవడం వచ్చాక వాక్యమూ చదివాను, కాదనను. కానీ పగలంతా నా స్టూలు పసుపు చీటీల అర ఎదురుగానే ఉండేది. ఒక అట్ట మీద తుపాకీ, ఇంకో అట్ట మీద నెత్తురంటిన గాజులు. ఎవరు, ఎవర్ని, ఎందుకు అని తెలుసుకోకుండా మనిషన్నవాళ్లు ఎలా కూర్చోగలరు? దేవుడి మాట కోసం నేర్చుకున్న అక్షరాలతో హత్యలు చదవడం మొదలుపెట్టాను. ఆదివారం చర్చి విడిచిపెట్టాక అమ్మగారు, "ఈ వారం ఏం చదివావమ్మా?" అని అడిగేవారు. "అన్నదమ్ముల కథ అండీ, అన్న తమ్ముణ్ణి చంపేత్తాడు" అనేదాన్ని. అది వాక్యంలోనూ ఉంది, నా నవలలోనూ ఉంది. అమ్మగారు సంతోషించేవారు.

నా చదువు ఎంత వేగమో కూడా చెప్పాలి. వరుస కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివేదాన్ని. కత్తిపోటు తిన్న మనిషి నేల మీద పడడానికి నా చేతిలో మూడు రోజులు పట్టిన సందర్భం ఉంది. పాపం, రచయిత ఒక్క వాక్యంలో చంపాడు.

అప్పుడే కౌంటరులోకి ఒక అమ్మాయి కొత్తగా వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. మా చర్చిలో గిటారు వాయించేది కూడా. తెలుగు గలగలా మాట్లాడేది గాని చదవడం రాదు. పాటలన్నీ హిందీ అక్షరాల్లో రాసుకుని, అవి చూస్తూ తెలుగులో పాడేది. చదివేదల్లా ఇంగ్లీషు. అందులోనూ విదేశాల్లో గిటార్లు పట్టుకుని అరిచే రాక్ పాటగాళ్లు రాసుకున్న జీవిత కథలంటే ప్రాణం. టూరిస్టులు లాడ్జీల్లో వదిలేసిపోయిన పుస్తకాలు సంపాదించేది. నాకు ఇంగ్లీషు రాదు, దానికి తెలుగు చదవడం రాదు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక నా హత్యలు దానికి, దాని పాటగాళ్లు నాకు చెప్పుకునేవాళ్లం.

"పెద్దమ్మా, ఈయన హోటల్ కిటికీలోంచి టీవీ బయటికి ఫేంక్ దియా, తెలుసా?"

"ఎందుకే? పాడైపోయిందేటి?"

"నహీఁ, బాగానే ఉంది. ఊరికే విసిరేశాడు. తాగి ఉన్నాడు కదా."

"కింద మనుషులు లేరా?"

"స్విమ్మింగ్ పూల్ ఉంది."

"పోన్లే, ఎవులికీ తగల్లేదు. ఈ కథ ఎవులు రాసేరే?"

"ఆయనే. ఆటోబయోగ్రఫీ కదా."

"అంత తాగినోడికి ఇంత గేపకం ఎలాగుందే?"

ఆ పిల్ల అట్ట వెనక ఆయన ఫొటో కేసి చూసి ఆలోచనలో పడింది. ఇప్పుడు ఇది రాస్తూ నేనూ అదే ఆలోచిస్తున్నాను. చాయ్ తప్ప ఇంకోటి ముట్టని నాకు నిన్న కళ్లజోడు ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదు. ఆ మహానుభావుడికి మూడో పెళ్లాం పెళ్లినాడు ఏ రంగు బట్టలు వేసుకుందో కూడా గుర్తుంది.

ఒక రోజు మా లైబ్రేరియన్ మేడమ్ నన్ను గదిలోకి పిలిచారు. ఆవిడ మలయాళీ, మంచి మనిషి, నన్ను దీదీ అనేవారు. "దీదీ, బైఠో" అన్నారు. అటెండర్ని కుర్చీలో కూర్చోమన్నారంటే ఏదో వచ్చిందన్నమాటే.

పోటీ పరీక్షల పుస్తకాలు ఓడలో వస్తున్నాయట. వాటికి చోటు కావాలట. పై ఆఫీసు నుంచి వచ్చే సాబ్ ఏ అర తీసేయాలో చూసి చెబుతారట. తెలుగు అరను గోడౌనుకు పంపేద్దామని ఆయన ముందే అన్నారట.

మా గోడౌను వెనకవైపు రేకుల షెడ్డు. అక్కడికి పోయిన పుస్తకం తిరిగి రావడం నేను చూడలేదు. తేమకి ముందు కాగితం తడిసిన అప్పడంలా మెత్తబడుతుంది, ఆ తర్వాత చెదలు చూసుకుంటాయి.

"తెలుగోళ్లు చాలామంది వత్తారు మేడమ్, అర కాడ నిలబడి చూత్తారు" అన్నాను.

"చూడడం కాదు దీదీ. తీసుకుని చదివేది ఎవరు? నువ్వు, మాస్టర్‌జీ. బస్."

ఆ అరలో నేను చదివింది కింది వరసలో నాలుగు పుస్తకాలు. ఇంకా పై వరసలన్నీ అలాగే ఉన్నాయి. జీవితమంతా ఆగి ఆగి భోజనానికి కూర్చుని మొదటి ముద్ద కలుపుతుంటే విస్తరి లాగేసుకున్నట్టనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగితే దుమ్ము పడినట్టు తుడుచుకున్నాను. దులిపే ఉద్యోగంలో అదొక సౌకర్యం.

మేడమ్ ఒక ఉపాయం చెప్పారు. సాబ్ చాయ్ మీటింగ్ రోజునే వస్తున్నారు. ఆయన ముందు ఎవరైనా ఒక తెలుగు పుస్తకం గురించి బ్రహ్మాండంగా చెబితే మనసు మారవచ్చు.

"మాస్టారు చెప్తారండీ" అన్నాను.

"మాస్టర్‌జీ చెబితే సాబ్ సో జాయేంగే" అన్నారు మేడమ్. నిజమే, మాస్టారు ఎప్పుడూ ఒకే రాజవంశం గురించి చెప్పేవారు. రెండో రాజు పట్టాభిషేకం దగ్గరికి వచ్చేసరికి గదిలో సగం మంది నిద్రపోయేవారు. "నువ్వు చెప్పు దీదీ. ఖూనీ వాలీ కహానీ."

అలా ఒక అర తెలుగు పుస్తకాల ప్రాణం నా నోట్లో పడింది.

అప్పటికే సగానికి పైగా చదివిన, అట్ట మీద ఎర్ర కారు ఉన్న నవల తీసుకున్నాను. కొండ మీద ఒక పాత బంగళా, అందులో ముసలి షావుకారు శవం, చుట్టూ బంధువులూ నౌకర్లూ. మీటింగుకి ఒక వారం ఉంది. నా వేగానికి కష్టమే గాని అసాధ్యం కాదు. కానీ ఆ వారమే ఓడ వచ్చింది. ఓడ వస్తే వారం పది రోజుల పేపర్లు కట్టలు కట్టలుగా ఒకేసారి దిగుతాయి. వాటిని భాషలవారీగా, తేదీలవారీగా సర్దేసరికి సగం వారం పోయింది. తర్వాత వాన పడి పిల్లల విభాగంలో కప్పు కారింది. మిగిలిన కాస్త సమయం ఆ గిటారు పిల్ల పాటగాడి విడాకులకు పోయింది. శనివారం పొద్దున సాబ్ వస్తున్నారని గదులన్నీ కడిగించారు. కడగడం పూర్తయ్యేసరికి నా నవలలో ఆఖరి రెండు చిన్న అధ్యాయాలు మిగిలిపోయాయి.

"చివరి పేజీ చూసేయ్ పెద్దమ్మా" అంది పిల్ల.

"తప్పే. మజ్జిన పాటాలు ఉండిపోనాయి."

నవ్వకండి. మధ్య పాఠాలు వదిలేసి చివరికి పోవడమంటే నా మట్టుకు నాకు పరీక్షలో చూసి రాయడం లాంటిది. పైగా నాకు హంతకుడెవరో ఎప్పుడో తెలిసిపోయింది. ఆ బంగళాకు వచ్చిపోయే కాంపౌండరు. చేతిలో సూదీ మందూ ఉంటాయి, మాట్లాడుతూ నేల చూస్తాడు, నడిస్తే చెప్పుల చప్పుడు రాదు. ఇంత బాహాటంగా కనబడుతుంటే ఇంకా రెండు అధ్యాయాలు ఎందుకు రాశాడో ఆ రచయిత అనుకున్నాను.

మధ్యాహ్నం గది నిండింది. సాబ్ వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. సఫారీ సూటు, చేతికి పెద్ద వాచీ. తర్వాత ఇంకో మీటింగుందని ముందే చెప్పారు. ఆయన పక్కన చాయ్ కెటిల్‌కి దగ్గరి కుర్చీలో ఎప్పటిలాగే బెంగాలీ దాదా. ఆయన ప్రభుత్వ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాడు. ఈ ముక్క నాకు ఆ క్షణంలో గుర్తుకు రావలసింది. రాలేదు.

ముందు గిటారు పిల్ల తన పాటగాడి కథ చెప్పింది. టీవీ జోలికి వెళ్లకుండా పైపైన చెప్పి, చివరికి ఆయన అన్నీ మానేసి పెరట్లో టమాటాలు పండించుకుంటున్నాడని ముగించింది. అందరూ తృప్తిగా తలూపారు. తర్వాత నేను.

లేచాను. శవం దాకా బాగానే చెప్పాను. ఇన్‌స్పెక్టరు బంగళాకు వచ్చాడు. వచ్చి ఏం చేశాడు? బుర్ర ఖాళీ. నేను చదివిన పేజీలన్నీ ఎవరో తుడిచేసినట్టు పోయాయి. సాబ్ వాచీ చూసుకున్నారు. అది చూసేసరికి నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఇన్‌స్పెక్టర్ కో బహుత్ గుస్సా ఆయా. ఉస్‌నే టీవీ ఉఠాకే ఖిడ్‌కీ సే బాహర్ ఫేంక్ దియా!"

మూలన గిటారు పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది. కానీ గది మొత్తం ముందుకు వంగింది. సాబ్ చేయి దించారు. నాకు ధైర్యం వచ్చింది. టీవీ పారేసిన ఇన్‌స్పెక్టరుకు మూడో పెళ్లాన్ని కూడా ఇచ్చాను. ఆవిడతో విడాకుల గొడవ నడుస్తుండగా కేసు ఎలా పట్టాడో చెప్పుకుంటూ, ఎక్కడా తడబడకుండా చివరికి వచ్చి, "ఔర్ ఖూనీ థా... కాంపౌండర్!" అని చేయి చాపాను. చాపిన చేయి ఎటు చూపిస్తోందో చూసుకోలేదు.

బెంగాలీ దాదా చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"కాంపౌండర్ క్యోఁ?"

"కథలో అలాగుంది దాదా. సూది ఉంది కదా చేతిలో."

"పూరీ నౌక్‌రీ మైనే సూయీ లగాయా! ఏక్ ఆద్మీ నహీఁ మరా!"

ఉద్యోగమంతా సూదులు వేశాడట, ఒక్క మనిషీ చావలేదట. "ఏక్ భీ నహీఁ, దాదా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. గది పగలబడి నవ్వింది. దాదా వెనక్కి తిరిగి వెతుకుతుండగా మా మాస్టారు లేచి నిలబడ్డారు.

"ఆగమ్మా ఆగు. ఈ నవల నేను చదివాను. హంతకుడు కాంపౌండరు కాదు, వంటవాడు. అదలా ఉంచు. ఆ ఇన్‌స్పెక్టరుకు పెళ్లే కాలేదు, మూడో పెళ్లామెక్కడిది? టీవీ ఎక్కడిది? ఆ బంగళాలో కరెంటే లేదు కదమ్మా!"

తెలుగులోనే అన్నారు గాని, గిటారు పిల్ల నవ్వు ఆపుకోలేక అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ హిందీలో చెప్పేసింది. సాబ్ ఒకసారి నన్ను, ఒకసారి మాస్టారిని చూశారు.

"కితాబ్ హై?"

"హై సాబ్."

"లావో."

తెచ్చి ఇచ్చాను. ఆయన చివరి పేజీలు తెరిచి చూసి, అట్టు తిరగేసినట్టు పుస్తకాన్ని ఒకసారి తిరగేసి చూసి, గొడవతో సంబంధం లేని తెలుగు మనిషి చదవాలని గిటారు పిల్ల చేతికిచ్చారు. ఆ పిల్ల నవ్వు అక్కడికక్కడ ఆగిపోయింది.

"సర్... బోల్‌నా ఆతా హై. పఢ్‌నా నహీఁ ఆతా."

సాబ్ కోపగించుకోలేదు. కోపగించుకున్నా బాగుండేది. మేడమ్ వైపు తిరిగి నెమ్మదిగా అన్నారు, తెలుగు పిల్లకే రాకపోతే ఈ అర ఎవరి కోసం పెట్టుకున్నారని. మేడమ్ బల్ల వైపు చూశారు. నాకు గోడౌను తలుపు తీసిన చప్పుడు వినబడినట్టయింది.

"నేను చదువుతాను" అన్నారు మాస్టారు.

"నహీఁ!" అన్నాడు బెంగాలీ దాదా. "యే బోలేగా బావర్చీ, వో బోలేగీ కాంపౌండర్. మేరా ఇజ్జత్ కా సవాల్ హై!"

అప్పుడు మేడమ్ తీర్పు చెప్పారు. దీదీ చదవాలి. మాస్టర్‌జీ పక్కన నిలబడి సరిగ్గా చదువుతుందో లేదో చూడాలి. పిల్ల విని హిందీలో చెప్పాలి. ఒక పుస్తకానికి ముగ్గురం.

జనం ముందు నేను చదవడం అదే మొదటిసారి. బల్ల మీద పుస్తకం పెట్టి, నేను ఆగిన చోట వేలు పెట్టాను. ఇన్‌స్పెక్టరు చీకటి గదిలో నిలబడి ఉన్నాడు. తలుపు నెమ్మదిగా తెరుచుకుంటోంది. రచయిత 'నెమ్మదిగా' అన్నాడు గాని, ఎంత నెమ్మదిగానో ఆయనకి తెలియదు. నా వేలి కింద ఆ తలుపు తెరుచుకునేలోగా రెండో విడత చాయ్ వచ్చేసింది.

"అభీ క్యా హువా?" అన్నారు సాబ్.

"దర్వాజా ఖుల్ రహా హై, సర్" అంది పిల్ల.

"అభీ తక్?"

మాస్టారు ఆగలేక వాక్యం చివర అందించబోయారు. "ముందుకెళ్లకండి మాస్టారూ, నా వేలు ఇంకా ఆడికి రాలేదు" అన్నాను. ఆయన నోరు మూసుకుని నా వేలి వెనకే నడిచారు. జీవితంలో అంత ఓపిక ఆయన ఏ పిల్లాడి మీదా చూపించి ఉండరు. ఒకచోట నేను ఆగిపోతే మాట చెప్పేయకుండా, "ఊఁ, మళ్లీ" అన్నారంతే. గిటారు పిల్ల నా భుజం మీదుగా వంగి, ఒక్కో ముక్కా చెవిలో పడగానే హిందీలో పెడుతోంది. వాన మొదలైంది. సాబ్ డ్రైవరు లోపలికి వచ్చి టైమైందన్నాడు. ఆయన కూర్చోమని చేయి ఊపారు. డ్రైవరు పక్కవాణ్ణి "కౌన్ మరా?" అని అడిగి కూర్చున్నాడు.

చివరి అధ్యాయం చివరి పేజీలో పేరు వచ్చింది. చదివాను. నమ్మలేక మళ్లీ చదివాను. మాస్టారు వంగి చూశారు. పిల్ల కేక పెట్టి చెప్పింది.

కాంపౌండరు కాదు. వంటవాడూ కాదు.

బెంగాలీ దాదా లేచి, కోర్టులో కేసు గెలిచినవాడిలా అందరికీ చేయి కలిపి వచ్చాడు. నాకు మాత్రం కలపలేదు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నేను చదివింది వేరే నవల అయి ఉంటుంది" అని తనలో తాను గొణుక్కున్నారు. సాబ్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి గొడుగు తీసుకుని, గుమ్మం దగ్గర మేడమ్‌తో ఏదో అని వెళ్లిపోయారు. నేను ఆయన నవ్విన నవ్వు చూసి అర పోయినట్టే అనుకున్నాను. కరెంటు లేని బంగళాలో టీవీ పెట్టినదాన్ని నమ్మి ఎవరైనా పుస్తకాలు ఉంచుతారా?

కొన్నాళ్లకు ఆర్డరు వచ్చింది. మేడమ్ నన్ను మళ్లీ కూర్చోమన్నారు. "బచ్ గయా, దీదీ. లేకిన్ నీచే." కిటికీ పక్కన గాలీ వెలుతురూ ఉన్న చోటు పోటీ పరీక్షల పుస్తకాలకు. తెలుగు అర మెట్ల కిందికి, మంచినీళ్ల డ్రమ్ము పక్కకి. సాబ్ వెళ్తూ వెళ్తూ అన్నది అప్పుడు చెప్పారు మేడమ్. ఇద్దరు చదివేవాళ్లకు ఒక అర ఎక్కువే, కానీ ఆ ఇద్దరూ ఇంకోసారి చదవాల్సిన అవసరం కనిపిస్తోంది అన్నారట.

మెట్ల కిందికి మోసింది నేనే. ఈసారి వీపు మీద నంబర్ల ప్రకారమే సర్దాను. చేయి మాత్రం ఎత్తు చూసుకోబోయింది, అదిలించాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం గిటారు పిల్ల నా స్టూలు దగ్గరికి వచ్చింది. "పెద్దమ్మా, నాకు నేర్పు."

"నాను నేర్పడమేటి? మాస్టారిని అడగవే."

"వద్దు. ఆయన రాజుల దగ్గర షురూ చేస్తారు. నువ్వు ఖూనీ దగ్గర షురూ చెయ్."

నా దగ్గరున్నదే ఇచ్చాను, అమ్మగారి నియమంతో సహా. ఆ పిల్ల నియమం పాటించలేదు, పేజీలు తిప్పేసేది. మాటలన్నీ ముందే వచ్చు కదా, అక్షరాలు పట్టుకోవడమే మిగిలింది. ఆ వానలు వెళ్లేలోపల నన్ను దాటిపోయింది. ఒక రోజు నేను స్టూలు మీద కూర్చుని కొత్త నవల సగంలో ఉన్నాను. పుస్తకాల కట్ట మోసుకుంటూ పక్కనించి పోతూ, "పెద్దమ్మా, అది నాకు అయిపోయింది. మరిది చంపాడు" అనేసి పోయింది.

రెండు రోజులు దానితో మాట్లాడలేదు. మూడో రోజు కౌంటరు దగ్గర అడ్డం పడింది.

"ఏంటి పెద్దమ్మా గుస్సా? ముగింపు చెప్పాలి కదా, మన రూల్!"

"అది సదవడం రానోళ్లకే!" అని అరిచాను.

లైబ్రరీ అంతా తిరిగి చూసింది. మేడమ్ గదిలోంచి "ష్" అన్నారు. అరిచాక నేనేమన్నానో నాకు వినబడింది. ఆ పిల్లకి కూడా వినబడినట్టుంది, నా మొహంలోకి చూసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు, మరిది మీద ఇంకా కోపం ఉంది.

మా అమ్మగారి సంగతి కూడా చెప్పాలి. పాస్టరు గారికి మెయిన్‌ల్యాండ్ బదిలీ అయి వెళ్లిపోయే ముందు ఆవిడ లైబ్రరీకి వచ్చారు. అటూ ఇటూ చూసి, "అట్ట మీద ఎర్ర కారు ఉంటుందటగా, ఉందా?" అన్నారు. ఇచ్చాను. తిరిగిచ్చేటప్పుడు గొంతు తగ్గించి, "నేనూ కాంపౌండరే అనుకున్నానమ్మా" అన్నారు.

ఇప్పుడు రిటైరై చాలా కాలమైంది. చాయ్ మీటింగ్‌కి ఇంకా వెళ్తున్నాను, కాకపోతే చాయ్ నాకు వేరేవాళ్లు ఇస్తారు. గిటారు పిల్లకి పిల్లలు పుట్టారు. ఈ మధ్య మరో ముగ్గురు పాటగాళ్ల జీవితాలు చదివి చెప్పింది. ముగ్గురూ ఏదో ఒకటి విసిరేశారు, ముగ్గురూ చివరికి తోటపనిలో పడ్డారు. నేను చదివినవి రెండు హత్యలు, ఒక కిడ్నాపు. వేగం కాస్త పెరిగింది. మనుషులు ఒక్క రోజులో చచ్చిపోతున్నారు.

ఇంతకీ ఆ ఎర్ర కారు నవలలో హంతకుడెవరని మీరు అడుగుతారు. మా పద్ధతి ప్రకారం చెప్పే కూర్చోవాలి. కానీ మీరు ఇక్కడిదాకా తెలుగులో చదువుకుంటూ వచ్చారు కదా, ఆ పద్ధతి మీకు వర్తించదు. పుస్తకం మెట్ల కింద, మంచినీళ్ల డ్రమ్ము పక్కన ఉంది. వేలు పెట్టి చదువుకున్నా అక్కడ ఎవరూ ఏమీ అనరు.

చివరి పేజీ మాత్రం ముందు తిప్పకండి. మజ్జిన పాటాలు ఉండిపోతాయి.